కత్తెర

తాడిపత్రి బస్టాండుకు ఎదురుగా మా మందులంగడి.
కౌంటరు మేకుకు పురికొసతో వేలాడుతుంటాది కత్తెర.
అయిదేండ్లుగా నా కుడిచేతికి అదే ఆరోవేలు.
పది మాత్రల రేకును నాలుగూ ఆరుగా,
నాలుగును మళ్లీ రెండూ రెండుగా
కోసిచ్చేది నా కొలువు.

ఆ పొద్దు సుంకన్న వచ్చినాడు
పాలిష్ ఫ్యాక్టరీ నుంచి నేరుగా,
కనురెప్పల మీద కూడా నాపరాతి దుమ్ము.
ఎడమ దవడలో నిమ్మకాయ దాచినట్టు వాపు.
పన్ను కింద చీము.
డాక్టరు చీటీలో అయిదు దినాలు, పూటకొకటి, పది.
"నాలుగియ్యి చాలు పాపా,
నొప్పి తగ్గితే అయిపాయ గదా."

కత్తెర ఎత్తినాను.
ఎత్తి, ఆగినాను.

కరెంటు పోయిన ఒక రాత్రి మా ఓనరు చెప్పినాడు:
ఈ మాత్రలో ఇద్దరుంటారు.
ఒకడు కొట్టేవాడు,
పురుగు గోడ కట్టుకుంటుంటే రాయి మీద రాయి నిలవనీడు.
ఒకప్పుడు వాడొక్కడే చాలేవాడు.
పురుగు ఊరుకుంటాదా?
అదీ ఒక కత్తెర చేయించుకుంది,
వచ్చినవాణ్ణి వచ్చినట్టే నడుముకు కోసేస్తాది.
అందుకే రెండోవాడు.
వానికి కొట్టడం సరిగా రాదు.
పోయి ఆ కత్తెర నోట్లో తన వేళ్లు పెట్టి
అట్లే నిలబడిపోతాడు.
చెవిలో చీముకు, కుక్క కరిచిన పుండుకు,
రొమ్ములో కట్టిన కఫానికి
ఇద్దరూ కలిసే పోవల్ల.
జలుబుకు పోయినా వాళ్లు చేసేదేం లేదు.

మరి నా చేతిలో ఉన్నది ఎవరి కత్తెర?

పదీ ఇచ్చినాను. ఆరింటి డబ్బు పద్దు రాసుకున్నాను.
"సంగటి మొదటి ముద్దతో మింగన్నా, పరగడుపున వద్దు.
దద్దుర్లు లేస్తే, ఊపిరి బిగిస్తే
ఆపేసి ఆస్పత్రికి పరిగెత్తు.
కడుపు జారొచ్చు, ముందే చెప్తున్నా."
చెప్పినాను కదా అనుకున్నాను.

మూడోనాడు వచ్చినాడు.
దవడ దిగింది. మనిషీ దిగినాడు.
"ఆరు తూర్లు పోయినాను పాపా.
ఫ్యాక్టరీలో మాకు మరుగుదొడ్డి యాడుంది,
రైలుకట్ట దాటి కంపచెట్లలోకి పోవల్ల.
వచ్చేసరికి మిషను ఆగిందని
మేస్త్రీ సగం కూలి కోసినాడు."

కోసినాడు. అదే మాట.

మిగిలిన నాలుగు మాత్రలు గాజుబల్ల మీద పెట్టినాడు,
వాపసు తీసుకొమ్మని.

మందు డబ్బాలో మడిచిన కాగితం మీద
చీమకాళ్ల అక్షరాల్లో అన్నీ ఉంటాయి:
వాంతులు, విరేచనాలు, నాలుక మీద తెల్లపూత,
ఎప్పుడో ఒకరికి కామెర్లు.
సగం కూలి అని యాడా లేదు.

డాక్టరుకు ఫోన్ చేసినాను.
రక్తం పడిందా, జ్వరముందా అని అడిగినాడు. లేవు.
"అయితే పూర్తి చేయమను" అని పెట్టేసినాడు.
ఉప్పూ చక్కెరా కలిపిన పొట్లాలు రెండు
నా లెక్కలో ఇచ్చినాను.
"రేపు ఆదివారమే కదన్నా, ఇంట్లో ఉంటావు."
"ఆదివారం లోడింగుంటాది" అన్నాడు.

మాత్రలు మాత్రం జోబులో వేసుకున్నాడు.
మింగినాడో,
పక్కింటి పిల్లోని జలుబుకు ఇచ్చినాడో.

ఆ మధ్యాహ్నం పురికొస విప్పి
కత్తెరను సొరుగులో పడేసినాను.
పొద్దుగూకే వేళకు ఒకామె వచ్చింది, చంకలో బిడ్డ,
గుప్పిట్లో చెమటకు మెత్తబడిన యాభై నోటు.
"రెండే ఇయ్యమ్మా."

సొరుగు తెరిచినాను.