గరగర

క్లిఫ్డెన్‌లో వాన తెరిపివ్వదు గనక
నా కొట్టుకి ఎప్పుడూ ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు,
కొనడానికి కాదు, తడవకుండా నిలబడడానికి.
నిలబడ్డాక కిటికీలోని రేడియో కనబడుతుంది.
అక్రోటు చెక్క పెట్టె, ఇత్తడి అంచున్న ఒక్కటే నాబు,
ముందు వైపు ముతక నేతబట్ట.
చీటీ తిరగేస్తారు: మూడువందల ఎనభై తొమ్మిది యూరోలు.
"ఏం, టీ కూడా కాచిపెడుతుందా?"
ఇరవై ఏళ్ళుగా ఇదే హాస్యం. నేనూ నవ్వుతాను,
నవ్వుకి పన్ను లేదు కదా.

అసుంప్టా మాత్రం హాస్యమాడలేదు.
డెబ్బై దాటిన మనిషి, గొర్రెల వాసన కోటు.
రెండు గొర్రెపిల్లలమ్మిన డబ్బు బల్ల మీద పెట్టి
దాని మీంచి చెయ్యి తియ్యకుండా అడిగింది:
"పేర్లు స్పష్టంగా చెబుతుందా?"

మా వైపు సంగతి మీకు తెలియాలి.
పొద్దున తొమ్మిది దాటాక
పోయినవాళ్ళ పేర్లు చదువుతారు రేడియోలో.
పేరూ, ఊరూ, ఏ చర్చిలో, ఎన్నింటికి.
అప్పుడు పొయ్యి మీద పాలు పొంగినా ఎవరూ లేవరు.

ఆమె పాత రేడియో ప్లాస్టిక్‌ది.
ఏరియల్ విరిగితే కోటు తగిలించే తీగ దూర్చింది.
ఒక మంగళవారం అందులోంచి
కోల్మన్ కనోలీ అని వినబడింది.
ఊరి పేరు గరగర మింగేసింది, చర్చి పేరు దక్కింది.
ఎక్కడో దూరాన. అక్కగారి ఊరేమో అనుకుంది.

కోల్మన్ అంటే ఎదురు గుట్ట మీది కోల్మన్.
ఒకనాటి డాన్సు రాత్రి ఆమె చెప్పులు చేతపట్టుకుని
నాలుగు మైళ్ళు పక్కన నడిచి
మళ్ళీ నలభై ఏళ్ళు ఆ ఊసెత్తనివాడు.

రెండు బస్సులు మారి వెళ్ళింది. ఏడ్చింది.
ఎవరో భుజం పట్టుకున్నారు.
తర్వాత హామ్ శాండ్‌విచ్ పెడితే తింది కూడా.
చెయ్యి తుడుచుకుంటూ ప్రార్థన కాగితం వెనక్కి తిప్పితే
ఎవరో బట్టతల మనిషి. కింద: కనీలీ.
ఓత్వం కాదు, గుడిదీర్ఘం.
ఆ ఒక్క కొమ్ము తేడాకి
ముక్కూ మొహం తెలియనివాడికి ఇచ్చేసింది
దాచుకున్న ఏడుపంతా.

మర్నాడు కోల్మన్ ట్రాక్టరులో పీట్ గడ్డలు తెచ్చి దింపాడు.
"కళ్ళు వాచాయేం?"
"పొగ," అంది.

ఆ వారమే కొత్తది కొంది.
పాతది తీసుకుని పది యూరోలు తగ్గించాను.
"సొమ్ముకి తగ్గదేనా?" అంది గుమ్మంలో.
"మీకే తెలుస్తుందిగా," అన్నాను.
అది కొట్టువాడి జవాబు, ఏ సరుక్కైనా సరిపోతుంది.

రెండు చలికాలాలు పోయాయి.
మొన్న ఫిబ్రవరిలో ఆ పెట్టె ఒక్క అక్షరమూ మింగలేదట.
ఓత్వం ఓత్వంగా, ఊరు ఊరుగా,
వయసుతో సహా.
"మనిషొచ్చి గదిలో నిలబడి చెప్పినట్టు చెప్పింది," అంది,
ఇదిగో, ఇక్కడే నిలబడి.
"సందేహానికి సందివ్వలేదు.
పాతదైతే బస్సు దిగేదాకా
ఇంకెవరోలే అనుకుంటూ పోయేదాన్ని."

డబ్బు వెనక్కి అడుగుతుందేమోనని
నా చెయ్యి గల్లాపెట్టె మీదికి పోయింది, అబద్ధమెందుకు.
ఆమె అడిగింది వేరు:
"పాతది పారేశావా?"

పారెయ్యలేదు. వెనకగదిలో, చెడిపోయిన కెటిళ్ళ కింద
తీగతో సహా దొరికింది.
పది యూరోలు వద్దన్నాను. స్టేప్లర్ కింద పెట్టి పోయింది.

ఇప్పుడు సాయంత్రాలు కొత్తది పెడుతుందట.
ఫిడేలు మీద కమాను రాసుకునే చప్పుడు కూడా వినబడుతుందట.
తొమ్మిది గంటలకి మాత్రం పాతది.

నిన్న డబ్లిన్ కుర్రాడొకడు తడిసి లోపలికొచ్చి
చీటీ తిరగేసి, హాస్యమాడకుండా అడిగాడు,
అంత విలువ చేస్తుందా అని.
మంచి రేడియో, అన్నాను,
ఉన్నది ఉన్నట్టు చెబుతుంది.
మిగతా మాట కోసం వాడు చూస్తూ నిలబడ్డాడు.
నేను టీ కాచుకోడానికి లోపలికెళ్ళాను.