లేననుకో

ఫ్రిజ్ తలుపు మీద పసుపు చీటీ:
“ఒక బుధవారం నీలం డబ్బా.
ఇంకో బుధవారం గోదుమ రంగు డబ్బా.
మర్చిపోతే పక్కింటి మార్గరెట్ గారి గుమ్మం చూడు.”

గోధుమలో ఒత్తు పెట్టలేదు పిల్ల.
నేనేం అనలేదు.
తొమ్మిదో ఏట ఈ హల్ ఊరికొచ్చింది.
అక్షరాలు నా దగ్గరే నేర్చుకుంది, శనివారాలు,
నా జీతం కాగితాల వెనక.
తప్పుంటే అది నాదే.

ఇంకో పది రోజులు.
డండీ వెళ్తుంది కెజియా, పళ్ళ డాక్టరీకి.
వాళ్ళమ్మ నైట్ డ్యూటీల మధ్య
రెండు గిన్నెలు కొంది, ఒకటి వెనక్కిచ్చి ఇంకోటి తెచ్చింది,
కారప్పొడి కొట్టి మూడు సీసాలకెత్తింది,
మూతలకి టేపు చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది.
ఆవిడ తయారీ అది.

నన్ను తయారు చేసే పని పిల్ల తీసుకుంది.

“నాన్నా, నేను లేననుకో,”
అని మెట్ల మీద కూర్చుంది, మోకాళ్ళ మీద గడ్డం ఆనించి.
ఫోను నా చేతిలో. అవతల డాక్టరు ఆఫీసు వాళ్ళ సంగీతం.

వాళ్ళమ్మ పగటి నిద్రలో ఉంటే
ఈ ఇంటి గడపలో పడిన ప్రతి ఉత్తరం పిల్లే చింపేది.
కరెంటు, కౌన్సిలు, నీళ్ళు.
నా బీపీ సంగతి నాకంటే ముందు దానికే తెలిసింది.
పదకొండేళ్ళది. డాక్టరు చెప్పింది విని
కాస్త తగ్గించి నాకు తెలుగులో చెప్పింది.
ఎంత తగ్గించిందో ఇప్పటికీ అడగలేదు.

“పేరు అక్షరాలు చెప్పండి,” అంది అవతలావిడ.
మెట్ల వైపు చూశాను.
పిల్ల గోడ వైపు తిరిగిపోయింది.
పీ, ఆర్, ఏ… బీ, బస్సులో బీ, అన్నాను.
డీ?
డిపోలో డీ.
తెనాలి గ్యారేజీలో పద్దెనిమిదేళ్ళు
ఊరికే పోలేదు.
ఆవిడ నవ్వింది. గురువారం, తొమ్మిదీ నలభై.
నా చేత్తోనే రాసుకున్నాను.

పిల్ల చప్పట్లు కొట్టింది.
రెండే. మూడోది గాల్లో ఆగింది.
మొరాయించిన బస్సు స్టార్టయి సాగిపోతే
అప్పటిదాకా తోసినవాళ్ళు
చేతులు చాపుకునే రోడ్డు మీద నిలబడిపోతారే,
అచ్చం ఆ మొహం.

“ఆ బాయిలర్ టైమరు,” అన్నాను గబగబా,
“ఏ బటను నొక్కాలో మళ్ళీ చెప్పు.”

డీజిలు ఇంజను విప్పి చీకట్లో బిగించినవాణ్ణి.
ఆ తెల్ల పెట్టె కడుపులో ఏముందో
మొదటి చలికాలమే చూసేశాను.
పిల్ల లేచొచ్చింది. చెప్పింది.
రెండుసార్లు తప్పు నొక్కాను.
మూడోసారి నా వేలి మీద తన వేలు పెట్టి నొక్కించింది.
లోపల మంట అంటుకున్న చప్పుడు.
సెప్టెంబరు మొదటి వారం, వేడి ఎవరికీ అక్కర్లేదు.
ఇద్దరం ఆపలేదు.

రోజూ నేను చేసే పని
చక్రాలున్న ఇళ్ళకి కిటికీలు బిగించడం.
గేటు దాటి ఎన్ని కారవాన్లు పోయాయో లెక్క లేదు.
ఎటు పోతున్నాయని ఎప్పుడూ అడగను.
అంచు చుట్టూ వేలితో తడిమి
వాన లోపలికి రాదు కదా అని చూస్తాను. అంతే.

రాత్రి డబ్బా బయట పెట్టాలి.
ఏ డబ్బానో తెలుసు. అయినా చీటీ చదివాను.
అడుగున, చీమంత అక్షరాల్లో, ఇంకో వరస ఉంది:
“తప్పులుంటే ఫోన్ చేసి చెప్పు.”

హంబర్ మీంచి గాలి తలుపు సందులోంచి కొట్టి
చీటీ అంచు లేచింది. బొటనవేలితో అదిమాను.
ఒత్తు సంగతి ఇప్పుడు చెప్పను.
అక్టోబరులో చెప్తాను, లేదా నవంబరులో,
బాగా చీకటి పడ్డాక.
మొత్తం మీద ఒక్కటే తప్పుంది.
పొదుపుగా వాడుకోవాలి.