పొత్తిళ్ళ రొట్టె

యూరప్ అంతా తిరిగొచ్చాడంటారు కాశీబుగ్గలో.
తిరిగింది ఓడ.
నేను దాని కడుపులో ఉల్లిపాయలు కోస్తున్నాను.

రోటర్‌డామ్ అంటే నాకు ఒక క్రేను.
ఆంట్‌వెర్ప్ అంటే వానకి జారే నిచ్చెన.
లిస్బన్ని గుండ్రటి కిటికీలోంచి చూస్తుంటే
పప్పు అడుగంటిన వాసన వచ్చింది,
లోపలికి పోయాను.
పంతొమ్మిదేళ్ళు అలాగే.

హాంబుర్గ్ ఒక్కటే కాళ్ళతో తొక్కాను.
డిసెంబరులో ఇంజను చెడి పదకొండు రోజులు ఆగిపోయాం.
నావికుల విడిదిలో టీ పోసే పెద్దామె,
పేరు ఇంగెబోర్గ్, నా నోట ఇంగమ్మ,
నా ముంజేతుల మీది నూనె చుక్కలు చూసి
ఏమీ అడక్కుండా ఇంటికి తీసుకుపోయి
నడుముకి ఆప్రాన్ కట్టింది.

బల్ల మీద పచ్చటి కొమ్మల చుట్ట,
దాంట్లో నాలుగు కొవ్వొత్తులు. వెలిగినవి రెండే.
మిగతావో? అని సైగ చేశాను.
గోడమీది క్యాలెండరులో ఆదివారాన్ని వేలితో కొట్టింది.
అగ్గిపుల్ల ఉంటే చాలదు,
వారం కూడా గడవాలి.

రమ్ములో మూడు రోజులు నానిన ఎండుద్రాక్ష,
నారింజ తొక్క, వెన్న, ఆ పైన ఇంకా వెన్న.
పిండి మడతేసి, మడత మీద అరచెయ్యి ఆనించి,
రెండు చేతుల్లోకి ఎత్తుకుని ఊపింది.
అప్పుడర్థమయింది. పొత్తిళ్ళలో పసివాడు.
పొయ్యిలోంచి తీశాక తెల్లటి పంచదార దుప్పటి కప్పి
నా చెయ్యి మీద ఒకటేసింది:
ఇప్పుడు కాదు, దాచాలి.

జీడిపప్పు పొట్లం కూడా తెచ్చింది
నీ దేశానిదే కదా అన్నట్టు.
మా అమ్మ పలాసలో ముప్పయ్యేళ్ళు గింజ కొట్టింది,
జీడిచమురుకి వేళ్ళు నల్లబడి
ఓటు సిరా ఎక్కడ పెట్టాలో తెలిసేది కాదు పోలింగు వాళ్ళకి.
ఇది ఆవిడ చేతి గింజేనని రాసుకుంటే బాగుండును.
పొట్లం వెనక వియత్నాం అని ఉంది.

ఇప్పుడు ఓడ లేదు. రైలుగేటు అవతల బేకరీ ఉంది.
ఏడాదంతా ఎగ్‌పఫ్‌లు, పుట్టినరోజు కేకులు,
డిసెంబరు వస్తే ష్టోలెన్.
బాదం బదులు జీడిబద్ద.
ఆ కొమ్మల బదులు బారువ ఒడ్డు సరుగుడు,
వారానికే సూదులు రాల్చేస్తుంది.
"ఏటీ చెత్త," అంటుంది ఢిల్లీశ్వరి ఊడుస్తూ.
"ఆదివారానికొక దీపమేటి, అన్నీ ఒకేపాలి ఎలిగిస్తే ఎవులొద్దన్నారు?"

ఐదో తారీకు రాత్రి పిల్లచేత చెప్పులు తుడిపించి
గుమ్మం బయట పెట్టించాను.
ముసలి సాధువొకాయన వస్తాడు, మిఠాయి వేసి పోతాడు అని.
తెల్లారి చూస్తే కుడికాలి చెప్పులో చాక్లెట్లు,
ఎడమది కుక్క ఎత్తుకుపోయింది.
"జర్మనీలో కుక్కల్లేవా నాన్నా?"
ఉన్నాయమ్మా. తాడు కట్టి ఉంటాయి.

రొట్టె మాత్రం ఎవరూ కొనలేదు.
"మూడువారాల పాతదా!" అని
మెత్తగా నొక్కి చూసి బన్ను పట్టుకుపోతున్నారు.
నేనూ వాదించడం మానేశాను.

గురువారం రాత్రి కరెంటు పోయింది.
ఢిల్లీశ్వరి తడుముకుంటూ వెళ్ళి
నాలుగు కొవ్వొత్తులూ వెలిగించేసింది.
ఇంకా ఆదివారం రాలేదు అనబోయాను,
అప్పటికే కత్తి చేతిలో ఉంది,
ముక్క నోట్లో ఉంది,
పై పెదవి మీద పంచదార.
నములుతూ చాలాసేపు గోడకేసి చూసింది.
"ఇంకో వారం దాసుంటే బాగున్ను," అంది.

మిగిలినదాన్ని పాతచీర ముక్కలో చుట్టింది,
తలవైపు
కొంచెం వదులుగా.