దానికి గూడా చదువుండాదా?

బుధవారం, శనివారం ఫీల్డ్‌వర్క్.
కావలి బస్టాండులో ఏడూ పది బస్సు,
డబ్బాలో రాత్రి మిగిలిన అన్నం, పులుసు,
ఒళ్ళో నీలం అట్ట రికార్డు పుస్తకం.
అల్లూరు దాటాక గాలికి
రొయ్యల మేత వాసన అంటుకుంటుంది.
"టీచరమ్మా మీరు?" అంటాడు కండక్టరు.
కాదంటాను.
"నర్సమ్మా?"
కాదు.
మూడోది అతనికి తోచదు,
చిల్లర చేతిలో పెట్టి ముందుకెళ్ళిపోతాడు.

కాలవకట్ట మీద పదకొండు గుడిసెలు.
నా రికార్డులో వాటి పేరు సముదాయం.
తుపాకుల అంకయ్య పేరు క్లయింట్.
వయసు సుమారు పదకొండు.
సుమారు అని ఎందుకంటే
వాడు పుట్టిన రోజు తుపానని వాళ్ళమ్మకు గుర్తు,
ఏ తుపానో గుర్తులేదు.

రాత్రుళ్ళు గుంటలో ఏరేటరు ఆగితే కేకెయ్యాలి.
తెల్లారుజామున నీటికాకులు దిగితే
రేకుడబ్బా వాయించాలి.
బళ్ళో వాడి పేరుంది, వాడు లేడు.
అడ్వాన్సు ముప్పై వేలు.
తీసుకున్నది నాయన,
తీరుస్తున్నది వీడి నిద్ర.

మొదటి బుధవారం నా వైపు చూళ్ళేదు.
రెండోసారి కుక్కను ఉసిగొల్పాడు.
నాలుగోసారి నా చెప్పు బురదలో దిగబడితే
పగలబడి నవ్వి, పీకి, కడిగిచ్చి అడిగాడు:
"ఏం చదవతా ఉండావక్కా?"

బాలలు, యువత, కుటుంబాల సంక్షేమం కోసం...
ఆ వాక్యం నాకు నోటికొచ్చు.
వైవాలో గడగడా చెప్పాను కూడా.
ఇక్కడ, పిలకాయల ముందు, నాలిక తిరగలా.
"మీ ఇంటికి రావడం చదవతా ఉండా."
"దానికి గూడా చదువుండాదా?"
"ఉండాది."
"ఎన్నేండ్లు?"
"రెండు."
కుక్క మెడ గోకుతూ చాలాసేపు ఆలోచించాడు.
"ఇది ఒక్కరోజులో నేర్చుకునిందే!"

నిజమే అబ్బయ్యా.
రావడం ఒక్కరోజు చదువే.
మిగతాదంతా
వెళ్ళిపోవడం ఎట్లాగో నేర్చుకోడానికి.

సిలబస్‌లో అది ఆఖరి పాఠం, పేరు 'ముగింపు'.
మూడు పేజీలు. పరీక్షలో ఐదు మార్కులు.
ఆ మూడు పేజీలు చదివిన రాత్రి
హాస్టలు మేడమెట్ల మీద కూర్చుండిపోయాను.
నా తొమ్మిదో ఏట, విడవలూరు చెరువుకట్ట కింద
మా గుడిసెకూ ఒకామె వచ్చేది, ప్రమీలమ్మ.
మా సత్తుగ్లాసులో నీళ్ళు తాగిందని
మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది.
నా చేత అక్షరాలు దిద్దించింది,
హాస్టల్లో చేర్చింది,
ఆ తర్వాత రాలేదు.
నేనేం తప్పు చేశానా అని
ఆరో తరగతి దాకా వెతుక్కున్నాను.
ఆమె ప్రాజెక్టు అయిపోయిందంతే.
అది నాకు తెలియడానికి
ఇరవైరెండేళ్ళొచ్చి, ఒక పుస్తకం కావాల్సొచ్చింది.

మా సారు ఎర్రపెన్నుతో రాస్తారు:
'మీ బాధలొద్దు. గమనించినవి రాయండి.'
రాశాను సార్.
క్లయింట్ కాలివేళ్ళ మధ్య ఉప్పునీటి పుండ్లు.
ఆఫీసులో అర్జీ ఇచ్చాను, రసీదు ఉంది,
రసీదు తప్ప ఇంకేమీ లేదు.
మళ్ళీ వెళ్ళాను, అదే బల్ల, భోజనానికెళ్ళిన అదే మనిషి.
క్లయింట్ తల్లి అడిగిన ప్రశ్న:
"నువ్వు గూడా మావోళ్ళ పిల్లవేనంట గదా, నిజమేనా?"
జవాబు రికార్డులో రాయలేదు.
అక్కడ కూర్చుని పీతలు ఒలిచాను.

ఈ శనివారం వాడికి చెప్పేశాను.
"ఇంకా తొమ్మిదిసార్లు వస్తా అంకయ్యా.
ఆపైన వేరే అక్క వస్తుందేమో, రాదేమో.
నీ తప్పుండి కాదు. నా చదువు అయిపోతుంది."
వాడేం మాట్లాడలా.
మేకు తీసుకుని రేకుడబ్బా మీద
తొమ్మిది గీతలు గీశాడు,
ఒకటి వంకరపోతే మళ్ళీ దిద్దాడు.

కట్ట దిగి రోడ్డెక్కాను.
బస్సు ఇంకా రాలేదు.
మిట్టమధ్యాహ్నం, ఆకాశంలో ఒక్క పిట్ట లేదు.
వెనక గుంట కాడ
డబ్బా మోగుతా ఉండాది.