కసువు ఎవరు ఊడుస్తారు

యలహంకలో కంటాసుపత్రి, మూడో అంతస్తు.
పొర తీయించుకున్నవాళ్ళకి
ఇంటికి పోయేముందు ఇచ్చే కాగితం
కన్నడంలో ఉంది, తమిళంలో ఉంది.
తెలుగులో నన్ను రాయమన్నారు.

పద్దెనిమిదేళ్ళు పాఠ్యపుస్తకాల ప్రూఫులు దిద్దినవాణ్ణి.
జారిపోయిన సున్నాని చీకట్లో తడిమి పట్టుకోగలను.
ఒక్క పూటలో రాసిచ్చాను:
"శస్త్రచికిత్సానంతరము నేత్రమునకు శ్రమ కలిగించరాదు.
శిరస్సును ముందుకు వంచరాదు."
డాక్టరు చాలా బాగుందన్నాడు.
ఆయనది మంగళూరు.

బుధవారం చౌడక్క వచ్చింది, బాగేపల్లి అవతలి నించి.
ఎడమ కంటి మీద తెల్లటి మూత.
మాట వచ్చిన రోజు నించీ తెలుగే మాట్లాడింది,
ఒక్క అక్షరమూ ఎరగదు.
పక్కన మనవరాలు సించన,
ఇక్కడే ఆరో తరగతి, కన్నడ బడి.
తెలుగు చదవడం ఎవరూ నేర్పలేదు.
కానీ మన అక్షరాలూ వాళ్ళ అక్షరాలూ
అన్నదమ్ముల పిల్లలు కదా,
ముఖాల పోలిక పట్టి చదివేస్తుంది.
'క' దగ్గరా 'త' దగ్గరా మాత్రం ఆగి
నా వంక చూస్తుంది.

కాగితం ఆ పిల్ల చేతిలో పెట్టాను.
శ... స్త్ర... చి...
ఒక్కొక్క రాయీ మోసుకొచ్చి
అవ్వ ఒళ్ళో దించింది.
చౌడక్క చెప్పులు విడిచింది,
రెండు చేతులూ జోడించింది.
"ఏ దేవుడిది అమ్మీ, ఈ మంత్రం?"

బస్సులో, హెబ్బాళ దగ్గర, ముప్పావుగంట కదలని ట్రాఫిక్‌లో,
ఆ జోడించిన చేతులే.
చదివే నోటికి మాట తెలీదు.
మాట తెలిసిన చెవికి అక్షరం తెలీదు.
ఇద్దరిలో ఏ ఒక్కరికీ నేను రాయలేదు.
ఎవరికి రాశానో నాకు తెలుసు:
తొమ్మిదో తరగతిలో శేషావతారం మాస్టారు,
ఆయన జేబులో ఎర్రసిరా పెన్ను.
పోయి ఇరవయ్యేళ్ళు.
ఇక ఆయన కంటికి పొర రాదు.

మర్నాడు చూపించుకోడానికి వచ్చినప్పుడు
కొత్త కాగితం ఇచ్చాను.
కన్ను నలపొద్దు.
తలకి నీళ్ళు పోసుకోవద్దు.
పొయ్యి ముందర కూచోవద్దు.
నెల దినాలు వంగొద్దు.

'క' లేకుండా కన్ను లేదు, 'త' లేకుండా తల లేదు.
అందుకని ఆ రెంటినీ పైన పెద్దగా రాసి
పక్కనే వాటి కన్నడం చుట్టాల్ని నిలబెట్టాను.
సించన ఒకసారి చూసింది. అంతే,
ఆ తర్వాత ఎక్కడా ఆగలేదు.

"వంగకుండా కసువెట్ల ఊడ్చేది?" అంది చౌడక్క.
అక్కడే, గోడకి కాగితం ఆనించి, చేర్చాను:
కసువు వేరేవాళ్ళు ఊడుస్తారు.
ఆమె మాటే ఆమెకి రాశానని
లోపల కొంచెం పొంగిపోయాను కూడా.

చౌడక్క తల అడ్డంగా తిప్పింది.
"వేరేవాళ్ళని మా ఇంట్లో ఎవురూ లేరు సామీ.
పేరు రాయి.
పేరు లేని పని నా చేతికే వస్తాది."

ప్రెస్సు వాడు ఫోను చేశాడు:
"సార్, చివరి లైన్లో ఒక మాట పడిపోయింది,
'కసువు' తర్వాత ఉత్త గీత ఉంది."
పడిపోలేదయ్యా, అలాగే వెయ్యి, వెయ్యి కాపీలు.
ఆ మాట రాసేది నేను కాదు.

వారం తర్వాత మూత తీశారు.
చౌడక్క ముందు తన చేతులు చూసుకుంది,
తర్వాత నన్ను.
"ఇంత ముసలోడివా!" అంది.

ఇంకా సిరా వాసన పోని కాగితం మీద
సించన గీత పైన నింపింది,
కన్నడం అక్షరాల్లో తెలుగు మాట:
నాయన.

"చదువు," అంది అవ్వ.
"కసువు నాయన ఊడుస్తాడు."
"ఇంకోసారి. గెట్టిగా.
వాడు కింద బండి కాడుండాడు."