ఆలస్యానికి కారణం

నా బల్ల మీద తేదీ ముద్ర ఒకటుంది.
ఇత్తడి చక్రాలు, సన్నటి పళ్లు.
పొద్దున్నే రాగానే, కాఫీ కంటే ముందు,
బొటనవేలితో ఒక పన్ను ముందుకు తిప్పుతాను.
అది వెనక్కి కూడా తిరుగుతుంది.
ఆ సంగతి ఇరవై రెండేళ్లుగా ఎవరితోనూ అనలేదు.

ఒహాయో నది ఒడ్డున, గ్రాంబీ కౌంటీ కోర్టులో
నేను కిటికీ వెనక గుమాస్తాని.
శిక్ష వేసిన రోజు నుంచి ముప్పై రోజులు.
అప్పీలు కాగితం ఆలోపు నా కిటికీ దాటాలి.
ముప్పై ఒకటో రోజున వస్తే
కాలదోషం పట్టిందంటాం.
దోషం ఎవరిదైనా పేరు మాత్రం కాలానిది.
అంటుజబ్బు తగిలినదానిలా
దాన్ని వేరే బుట్టలో పడేస్తాం.

ఓరిస్ టాకెట్ కాగితం ముప్పై నాలుగో రోజున వచ్చింది.
పెన్సిల్‌తో, పక్క గది ఖైదీ చేతిరాత.
జైల్లో టపా సంచి శుక్రవారం మధ్యాహ్నమే కట్టేస్తారు.
సోమవారం సెలవు.
మంగళవారం మంచు.
వకీలు వేస్తానన్నాడు, వేశాననుకున్నాడు,
ఆ రెంటికీ నడుమ వేరే ఊళ్లో ఉద్యోగం చూసుకున్నాడు.

ఆ సాయంత్రం అందరూ వెళ్లిపోయాక
నా బొటనవేలు చక్రం మీద కాసేపు ఆగింది.
నాలుగు పళ్లు. చిటికెలో పని.
తిప్పలేదు.
నిజాయితీ అని ఇంటికెళ్లి మా ఆయనతో చెప్పాను.
భయం అని ఇప్పుడు మీతో చెబుతున్నాను.

తర్వాత చట్టం మారుస్తామన్నారు.
ఆలస్యమైన అప్పీళ్లకు ఒక తలుపు, సన్నటిది.
ఓరిస్ అక్క వెర్నా ఏటా శాసనసభకు బస్సెక్కి వెళ్లేది.
మాట్లాడ్డానికి రెండు నిమిషాలు,
బల్ల మీద ఎర్రదీపం వెలిగే దాకా.
అదే బెంచీ మీద మర్లిన్ గఫ్ తండ్రి,
ఆ దుకాణంలో దెబ్బ తిని ఇప్పటికీ ఎడమ చెయ్యి ఎత్తలేని కుర్రాడి తండ్రి.
"కేసు మళ్లీ తెరిచినప్పుడల్లా
మావాడు మళ్లీ కింద పడతాడు సార్" అన్నాడు.
వాళ్లిద్దరి మధ్యా ఒక తడి గొడుగు.
ఎవరిదో నాకు తెలియలేదు.

"ఎక్కడో ఒకచోట ముగింపు ఉండాలి కదమ్మా"
అన్నాడు సంఘంలో ఒక పెద్దమనిషి,
తన మాట మాత్రం ముగించకుండా.
'తగిన కారణం చూపినచో' అని రాశారు.
'తగిన' దగ్గర రెండు చలికాలాలు గడిచాయి.
చివరికి బిల్లు గట్టెక్కింది.
అప్పటికి వెర్నా బస్సెక్కే స్థితిలో లేదు.

కొత్త దరఖాస్తు ఫారం వచ్చింది.
తొమ్మిదేళ్ల ఆలస్యానికి కారణం రాయడానికి
మూడు గీతలు ఇచ్చారు.

ఓరిస్ ఫారం నిన్న నా కిటికీ చేరింది.
ఈసారి పెన్ను. ఈసారి అతని సొంత రాత,
బడికి కొత్తగా వచ్చిన పిల్లల్లా
ఒకదాన్నొకటి పట్టుకున్న అక్షరాలు.

"అప్పుడు నాకు చదవడం రాదు. ఇక్కడ నేర్చుకున్నాను.
తీర్పు మొత్తం చదివాను. పదకొండో పేజీలో ఉన్న మనిషి నేను కాదు."

మూడో గీత ఖాళీగా వదిలేశాడు.

పై కోర్టు ఒప్పుకుంటుందో లేదో, అది నా కిటికీ పని కాదు.
కారణం తగినదో కాదో
తూచే తక్కెడ నా బల్ల మీద లేదు.
సిరా పొడిబారింది, రెండుసార్లు నొక్కాల్సొచ్చింది.
నిన్నటి తేదీ, నిన్ననే.