తాలు

పగలు మిర్చియార్డులో కాటా రాస్తాను.
అంకె వణకడం మానేదాకా ఆగి
టిక్కీకి ఇంతని చిట్టీ మీద ఎక్కిస్తాను.
రాత్రి నల్లచెరువు మూడో లైన్లో, ఫ్యాను కింద,
ఎవరైనా దిద్దగల విజ్ఞాన సర్వస్వంలో
తాలు ఏరతాను.
కూలి లేదు, తుమ్ములూ లేవు.

ఏం దొరకవు అందులో!
ఒకడు కృష్ణను తెచ్చి
గుంటూరు నడిబజార్లో పారించాడు.
ఎప్పుడో పోయిన హరిదాసుగారి కులం ఒకరు మార్చారు,
ఇంకొకరు మార్చారు,
తెల్లారేసరికి ఆయన నాలుగు కులాల్లో పుట్టాడు.

ఊటపాలెం పేజీలో మాత్రం ఎప్పుడూ ఒక్కడే.
పేరుండదు. చుక్కలు పెట్టిన అంకెలే వాడి చిరునామా.
"ఈ ఊరికి రాజు బుజ్జిగాడు."
తీసేశాను.
"ప్రధాన పంటలు: పత్తి, మిర్చి, లెక్కల మాష్టారి బెత్తం."
నవ్వి, తీసేశాను.
వానాకాలమంతా అలికిడి లేదు.

కార్తీకంలో వచ్చాడు.
జనాభా 4,312 ని
4,311 చేసి పోయాడు.
బూతు లేదు, బుజ్జిగాడూ లేడు.
ఇట్లాంటివే భయం.
తాలుకాయ తెల్లగా పడుంటుంది, చెయ్యి దానంతటదే పోతుంది.
పైకి ఎర్రగా ఉండి లోపల బూజుపట్టింది
విరిస్తే గాని బయటపడదు.

వెనక్కి తిప్పాను. మూలం: జనగణన, 2011.
మళ్ళీ మార్చాడు. హెచ్చరిక పెట్టాను.
మూడోసారి, కారణం రాయాల్సిన గడిలో:
"మా నాన్న లేడు. తగ్గించండి."

ఆ ఏడు ఎవరో ఉపాధ్యాయుడు
ఫారాలు చంకన పెట్టుకుని ఆ గడప దగ్గర నిలబడుంటాడు.
ఇంట్లో ఎంతమందండీ అనుంటాడు.
ఆ నాన్నే చెప్పుంటాడు, తనని కలుపుకుని.

"బాబూ, జనాభా అంటే" అని మొదలుపెట్టాను.
చెరిపేశాను.
"మూలం లేకుండా" అని మొదలుపెట్టాను.
అదీ చెరిపేశాను.
ఏం మూలం తెస్తాడు వాడు?
పంచాయతీ కాయితమా, పెదకర్మ కార్డా?

వేలు మీట మీదే ఉంది.
కాటా మీదికి టిక్కీ ఎత్తాక
హమాలీ చెయ్యి ఇంకా గోతానికి ఆని ఉంటే
అంకె నిలబడదు.
చెయ్యి తియ్యి బాబాయ్, అంటాను రోజూ.
ఆ రాత్రి అనలేకపోయాను.
ఫోను బోర్లా పెట్టి పడుకున్నాను.

పొద్దున ఆరింటికి ఎవరో, ఏ ఊరివాళ్ళో,
4,312 చేసేశారు.
రైటే. నేనైనా అదే చెయ్యాలి.

రాత్రి పదకొండున్నర నించి అప్పటిదాకా
ఊటపాలెం జనాభా
నాలుగువేల మూడువందల పదకొండు.